కోరలీ పారబోసిన వైన్

మెర్విన్ గ్రిగ్స్ ఆపిల్ చెట్లు పీకించి ద్రాక్ష తీగలు నాటిన ఏడు మా హ్యూవన్ లోయంతా నవ్వింది. మా ఆపిల్స్ కొనే ఇంగ్లండు మొహం చాటేసింది, సగం తోటలు మట్టిలో కలిసిపోయాయి, అదంతా నిజమే. కానీ ఈ టాస్మేనియా చలిలో, వసంతం వచ్చాక కూడా మంచు పట్టే ఆ వాలు మీద ద్రాక్షా? "ఏం మెర్వ్, పండేది ద్రాక్షా, వడగళ్ళా?" అని మా నాన్నే పబ్బులో అందరి ముందూ అడిగాడు.

"పండాక నీకు మాత్రం పొయ్యనులే," అన్నాడు మెర్విన్.

ఎనిమిదేళ్ళు సరిగా పండలేదు. పండిన కాస్తా పిట్టలు తిన్నాయి. తొమ్మిదో ఏట పినో ద్రాక్షతో చేసిన పలచటి ఎర్ర వైన్ కుదిరింది. మా నాన్న రెండు గ్లాసులు అడిగి మరీ తాగాడు.

నేను చెప్పబోయేది మెర్విన్ గురించి కాదు, ఆయన కూతురు కోరలీ గురించి. నాకంటే రెండేళ్ళు పెద్ద. హోబార్ట్‌లో టీచర్ చదువుకి సీటొచ్చి వెళ్ళింది. ఆ వేసవే ట్రాక్టర్ తిరగబడి మెర్విన్ నడుం విరిగింది. "ఈ ఒక్క కోతకే" అని ఇంటికొచ్చింది. కోత తర్వాత కొమ్మల కత్తిరింపు, దాని తర్వాత సీసాలు నింపడం, మళ్ళీ కోత. రే అనే మంచి మనిషి నాలుగేళ్ళు ఆ ఇంటి చుట్టూ తిరిగాడు. "కోత అయిపోనీ రే" అంటూనే ఉందామె. అతను విసిగి ఇంకెవరినో చేసుకున్నాడు.

ఆమె ముక్కు మామూలు ముక్కు కాదు. పీపా మూత తీసి, వంగి ఒక్కసారి పీల్చి, "ఇది ఇంకో నెల ఆగాలి," "ఇది పాడవబోతోంది" అని చెప్పేది. ఇరవై రెండేళ్ళు ఆమె పక్కన పనిచేశాను, తప్పడం చూళ్ళేదు. చూడ్డానికి వచ్చేవాళ్ళు మాత్రం "మెర్విన్ గ్రిగ్స్ చేతి వైన్" అనేవాళ్ళు. ఎనభై దాటాక ఆయనకి వాసన తెలియడం మానేసింది. అది కోరలీకీ నాకూ మాత్రమే తెలుసు. ఆయన గ్లాసు తిప్పి, పీల్చి, "దీన్ని అందులో కలుపు" అనేవాడు. "సరే నాన్నా" అని, ఆయన అటు తిరిగాక ఆమె తనకి తోచినట్టు కలిపేది. సీసా తెరిచినప్పుడు "చూశావా!" అనేవాడాయన. "నువ్వన్నట్టే అయింది నాన్నా" అనేది.

ఆ జనవరిలో, నడివేసవిలో, పిడుగులు పడి పడమటి అడవి అంటుకుంది. మంటలు మా వాలు దాకా రాలేదు. పొగ వచ్చింది. ఐదు వారాలు లోయలోనే కూర్చుంది. ఆరేసిన బట్టలు, రొట్టె, మా జుట్టు, అన్నీ పొగే. గుత్తులు మాత్రం నల్లగా నిగనిగలాడుతూ ఎప్పటికన్నా అందంగా ఉన్నాయి. నోట్లో వేసుకుంటే తియ్యగా ఉన్నాయి. అదే మోసం. పొగ తొక్కలో దాక్కుంటుంది, రసం పులిశాక బయటపడుతుంది. పరీక్షకి పంపితే, వైన్‌కి పనికిరావని రాసి పంపారు.

"ఈ ఏడు వదిలేద్దాం నాన్నా," అంది కోరలీ.

"నేను నాటి యాభై ఏళ్ళయిన ఏడా వదిలేసేది? నాకు తొంభై ఒకటి. ఇంకో కోత చూస్తానని రాసిచ్చావా?"

ఆమె ద్రాక్ష కోయించింది. తొక్కించింది. మే నెలలో పీపాలోంచి ఓ గుక్క తాగి, నా వైపు గ్లాసు జరిపింది. తడిపి ఆర్పిన బూడిదని నాకినట్టుంది. అప్పుడే మెర్విన్ కర్ర తాటించుకుంటూ వచ్చి తనూ తాగాడు. "ఏమే బెట్, ఇంత మంచిది ఎప్పుడైనా తాగావా?" అని నన్నడిగాడు.

కోరలీ నా కళ్ళలోకి చూసింది. "లేదు మెర్విన్, ఒట్టు," అన్నాను.

అక్కడితో ఆగుంటే బాగుండేది. నవంబరులో మెల్బోర్న్ నుంచి పదిమంది వచ్చారు. ఈ ప్రాంతంలో మొదట ద్రాక్ష వేసిన మనిషిని చూడాలని వచ్చారట. మెర్విన్ కోటు తొడుక్కుని, ఎవరు వారిస్తున్నా వినకుండా, పీపాలోంచి తనే పట్టి అందరికీ పోశాడు. కోరలీ పాత సీసాలు తెచ్చేలోపే అంతా జరిగిపోయింది. ఒకావిడ మింగలేక రుమాలు తీసింది. కళ్ళజోడు పెట్టుకున్నతను మర్యాదగానే అడిగాడు: "ఏమనుకోకండి, ఇది ఆరిపోయిన పొయ్యిలా ఉందేంటండీ?"

మెర్విన్ నవ్వాడు. "నాలుక కుదుటపడనీ, మళ్ళీ చూడు." మళ్ళీ ఎవరూ చూడలేదు. ఆయన ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చి కూతురి దగ్గర ఆగాడు.

"కోరలీ?"

ఆమె తెచ్చిన పాత సీసాలు బల్ల మీద పెట్టింది.

"బెట్, నువ్వు చెప్పు."

నేను నేలకేసి చూశాను.

"ఎప్పట్నుంచి?"

"మే నుంచి నాన్నా. పొగ..."

"అది కాదు. నా ముక్కు పోయిందని నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"పదకొండేళ్ళ నుంచి."

"పదకొండేళ్ళు నన్ను ఆడించావన్నమాట," అన్నాడు. వచ్చినవాళ్ళు మెల్లిగా బయటికి నడిచారు. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఇక పీపాల గదిలో అడుగు పెట్టలేదు.

ఆమె సూప్ తీసుకెళ్ళి "ఉప్పు సరిపోయిందా నాన్నా?" అంటే, "నువ్వే చెప్పాలిగా" అనేవాడు. కేకలేసుంటే ఆమె తట్టుకునేది. ఫిబ్రవరిలో, కోతకి నెల ముందు, నిద్రలోనే పోయాడు.

ఆ ఏడు ఆకాశం కడిగినట్టుంది. పంట అద్భుతం. కోరలీ కోసింది, తొక్కించింది. ఏప్రిల్ చివర పీపా మూత తీసి పీల్చి, వెనక్కి తగ్గింది.

"పొగ," అంది.

నేను పీల్చాను. చెర్రీ పండు, తడి మట్టి. "ఏం లేదే."

"సరిగ్గా చూడు."

రెండో పీపా, మూడో పీపా. అన్నిట్లోనూ పొగే అంది. మర్నాడు టీలో పొగ అంది, ఉతికిన దిండు గలీబులో పొగ అంది. హోబార్ట్ డాక్టరు ముక్కులో గొట్టం పెట్టి చూసి ఏ లోపమూ లేదన్నాడు. వైన్ పరీక్షకి పంపితే శుభ్రంగా ఉందని కాగితం వచ్చింది. చదివి మడిచి పక్కన పెట్టింది.

"కోరలీ, నా మాట నమ్మవే. మన జన్మలో ఇలాంటిది చెయ్యలేదు. ఒట్టు."

"నాన్నకీ ఒట్టే వేశావుగా," అంది. కోపంగా కాదు. ఊరికే, గుర్తుచేస్తున్నట్టు.



మే నెలలో ఒక పొద్దున నేను వెళ్ళేసరికి పద్నాలుగు పీపాలకీ వరసగా పంపు తగిలించి కాలవలోకి వదులుతోంది. రబ్బరు బూట్ల చుట్టూ ఎర్రగా పారుతోంది. పరిగెత్తి మోటారు ఆపాను. ఆమె నన్ను తొయ్యలేదు, తిట్టలేదు. నేను అలిసిపోయి స్విచ్ మీంచి చెయ్యి తీసేదాకా నిలబడి, మళ్ళీ వేసింది. గొట్టం కింద దోసిలి పట్టి ఒక గుక్క తాగాను. యాభై ఏళ్ళలో ఆ కుటుంబం చేసిన వాటిల్లో అదే గొప్పది. ఆ మాట అరిచి చెప్పాను.

"నువ్వు మంచిదానివే బెట్," అంది, కాలవ వైపే చూస్తూ.

చలికాలం అయ్యేసరికి తోట అమ్మేసింది. కొన్న కంపెనీ మూడు రోజుల్లో తీగలన్నీ వేళ్ళతో సహా లాగించి కుప్పలేసి, చెర్రీ మొక్కలు పెట్టింది. కోరలీ హ్యూవన్‌విల్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటుంది. ప్రతి గురువారం వెళ్తాను. గడ్డకట్టే చలిలో కూడా కిటికీలన్నీ బార్లా తెరిచి ఉంటాయి. ఇద్దరం కోట్లు విప్పకుండా కూర్చుని టీ తాగుతాం. తను తాగేముందు కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని నా వైపు చూస్తుంది. అడగదు. అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలియదు.