అమ్మ బండి నేర్చుకున్న బంద్ రోజులు

మొన్న కొత్తపేట పెట్రోలు బంకులో నా ముందు నిలబడ్డ అమ్మాయి ట్యాంకు నిండినా ఫోను చూసుకుంటూ మూత పెట్టడం మరచిపోతే, ఎండకు కాలిన బండి మీద నాలుగు చుక్కలు ఒలికి, ఆ ఘాటు పక్కనే తోపుడు బండి మీదున్న జామపండ్ల వాసనతో కలిసి నా ముక్కుకు తగిలింది. పెట్రోలూ పండూ కలిసిన ఆ వాసనకు ఇంకెవరికి ఏం గుర్తొస్తుందో తెలియదు గానీ, నాకు మాత్రం నా పదేళ్ల వయసూ, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద కనుచూపు మేర ఒక్క బస్సు కూడా లేని ఉదయాలూ, ఆ రోడ్డు మధ్యలో రెండు కాళ్లూ నేలకు రాస్తూ స్కూటీ నడుపుతున్న మా అమ్మా గుర్తొస్తారు.

మేం తెనాలి వైపు నుంచి వచ్చాం. మా నాన్నకు కోపం ఎక్కువని బంధువులు చెప్పుకునేవాళ్లు, బీపీ ఎక్కువని చెప్పుకున్నంత మామూలుగా. కిటికీ తెరవాలన్నా, రేడియో పెట్టాలన్నా, పక్కింటికి పెరుగు తోడు కోసం వెళ్లాలన్నా అమ్మ ఆయన్ను అడగాలి. నా ఉద్యోగం కాపలా. వీధి మలుపులో ఆయన మోటారుసైకిలు చప్పుడు వినగానే "వస్తున్నాడు" అంటే, అమ్మ రేడియో కట్టేసి, కిటికీ మూసి, ముఖం కూడా మూసేసుకునేది. ఒక వేసవిలో అమ్మ చెయ్యి విరిగింది. ఎలా విరిగిందో ఇక్కడ రాయను. కట్టు విప్పిన మర్నాడే రెండు సంచులు సర్దుకుని, నన్ను తీసుకుని హైదరాబాదు బస్సెక్కింది. చిన్ననాటి స్నేహితురాలు ఒకామె మాట సాయంతో దిల్‌సుఖ్‌నగర్ వెనక సందుల్లో అండాలమ్మ ఇంట్లో ముందుగది మాకు కిరాయికి దొరికింది.

అండాలమ్మది పోచంపల్లి నేత కుటుంబం. భర్త పోయాక ఇంట్లోనే చీరల వ్యాపారం పెట్టింది. ఊరి నుంచి మూటలు వచ్చిన రోజు ఇల్లంతా కొత్త నూలు వాసన, రంగు వాసన, మధ్యాహ్నానికి దాని మీదుగా సర్వపిండి కాలుతున్న వాసన. ఆమె చాయ్ సాసర్లో పోసుకుని, ఊదకుండానే చల్లారేదాకా దాన్ని కోపంగా చూసి, అప్పుడు తాగేది. బతుకమ్మ రోజుల్లో తంగేడు పూల మోపు తెచ్చి నా ముందు పడేసి, నువ్వుల సద్ది ముద్ద ఆశపెట్టి మొత్తం నాతోనే వలిపించేది. వానాకాలం సాయంత్రాలు అరుగు మీద అష్టాచెమ్మా ఆడితే, పదేళ్ల పిల్లనని కూడా చూడకుండా దొంగాట ఆడి గెలిచేది.

వచ్చిన కొత్తలో మేమిద్దరం ఆమెకు పెద్ద పరేషాన్. దిల్‌సుఖ్‌నగర్లో మోటారుసైకిలు చప్పుడుకు కరువేముంది, వినపడిన ప్రతిసారీ నేను పరుగెత్తి ఆమె టీవీ కట్టేసేదాన్ని. "గీ పిల్లతోని నెల నుంచి సీరియల్ల ఎవరు సచ్చిన్రో ఎవరు బతికిన్రో తెలుస్తలేదు" అనేది ఆమె. అమ్మ సంగతి ఇంకో రకం. దండెం మీద బట్టలు ఆరేయనా అక్కా, ఫ్యాను వేసుకోనా అక్కా, కూరగాయలకెళ్లి రానా అక్కా అని రోజంతా అడిగేది. ఒకసారి సిటీబస్సులో మా స్టాపు వస్తే, కండక్టరుని "దిగనా అండీ?" అని అడిగింది. ఆయన ఎగాదిగా చూసి, "దిగమ్మా, లేకుంటె డిపో దాంక తీస్కపోత" అన్నాడు.

ఓపిక నశించిన అండాలమ్మ ఒక శిక్ష కనిపెట్టింది. "నన్ను ఏదన్న అడిగినవంటె గ్లాసుడు నీళ్లు తాగాలె. లెక్క నీ బిడ్డ రాస్తది" అంది. మొదటి రోజు మధ్యాహ్నానికే అమ్మ తొమ్మిది గ్లాసులు తాగి, పదోది "చాలా అక్కా, ఆపనా?" అని అడిగినందుకు తాగింది.

ఆ రోజుల్లోనే అండాలమ్మ మోకాళ్లు మొరాయించాయి. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న కాలం, నోరు తెరిస్తే అందరికీ అవే మాటలు. "నా మోకాళ్లు గూడ సమ్మెకు దిగినయ్ చెల్లె. కొత్తపేట, ఎల్బీ నగర్ దుకాణాలకు చీరలు నువ్వు తీస్కపో, నీకు జీతమిస్త. బండి నేర్చుకో" అని తన పాత స్కూటీ తాళం అమ్మ చేతిలో పెట్టింది. తేలు పెట్టినట్టు చూసింది అమ్మ. ఆ రోడ్డు మీద బస్సులూ లారీలూ ఆటోలూ పోటీలు పడుతుంటే నేర్చుకునేదెక్కడ? దానికీ అండాలమ్మ దగ్గర జవాబుంది. "గురువారం బంద్ పిలిచిన్రు. రోడ్డంత నీదే."

అలా బంద్ ఎప్పుడని టీవీ ముందు కూర్చుని ఆత్రంగా ఎదురుచూసిన కోస్తా ఆడమనిషి ఆ పేట మొత్తం మీద మా అమ్మ ఒక్కతే అయ్యుంటుంది. బంద్ నాటి ఉదయం రోడ్డుకు వేరే ముఖం ఉండేది. దుకాణాల షట్టర్లన్నీ దిగి, హారన్లు లేక, కాకుల మాటలు కూడా వినపడుతూ, లారీలు కదలని పండ్ల మార్కెట్ నుంచి మగ్గిన బత్తాయి వాసన సందుల్లోకి నడిచొచ్చేది. ఆ వాసనలో అమ్మ చీర కొంగు బిగించి, దేవుణ్ణి తలుచుకుని, రెండు కాళ్లూ నేల మీదే ఉంచి, నడకకన్నా నిదానంగా బండి నడిపేది. సందు చివర ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్న అండాలమ్మ పేపరు ఊపుతూ, "కాళ్లు పైకి తియ్యి చెల్లె, రెండు చక్రాల బండిని నాలుగు చక్రాలది జేసినవ్" అని కేకేసేది. బండి ముందు కట్టిన అట్ట మీద ఎర్ర రంగుతో 'ఎల్' అని రాసింది నేనే. నా చోటు వెనక సీటు, నా పని ప్రమాదం కనపడితే చెప్పడం. కాపలాలో ఆరితేరినదాన్ని కనుక అర కిలోమీటరు అవతల ఆవు కనపడినా "బ్రేక్" అని అరిచేదాన్ని. మూడో బంద్ నాటికి అమ్మ నా మాట వినడం పూర్తిగా మానేసింది.

అందుకే ఆ రోజు ఉల్లిపాయలు పోయాయి. కొత్తపేట దాటాక రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నిరసనగా నడిరోడ్డు మీద వండుకు తినడమన్నమాట. నేను నిజంగానే "బ్రేక్" అని అరిచాను. అమ్మ నిజంగానే వినలేదు. బండి పొయ్యిల మీది డేగిశాల పక్కనుంచి దూరి, తరిగి పెట్టిన ఉల్లిపాయల తట్టను తన్ని ఆగింది. ముక్కలన్నీ తారు మీద. అక్కడ పాడుతున్న ఉద్యమం పాట ఆగింది. అందరూ మావైపే చూశారు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు మెడలో కండువా ఉన్న పెద్దాయన.

"నేర్చుకుంటున్నానండీ. బంద్ అయితే రోడ్డు ఖాళీగా ఉంటుందని..." అంది అమ్మ. ఆ యాసతో ఆమె ఎటువైపు మనిషో అందరికీ తెలిసిపోయింది. నేను సీటు పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

పెద్దాయన బండికున్న అట్ట చూసి, "ఎల్ అంటె ఏంది, ఎల్బీ నగర్ పోతవా?" అన్నాడు. ముందు ఎవరో ఒక్కరు నవ్వారు, తర్వాత అందరూ. "తెలంగాణ సంగతేమో గని, మన బంద్‌తోని ఈమెకైతె బండొచ్చేటట్టుంది. పో బిడ్డా, పైలం" అన్నాడు.

అమ్మ పోలేదు. బండి పక్కన పెట్టి, కత్తిపీట ముందు కూర్చుని, "పారబోసింది నేను, నేనే తరిగిపెడతాను" అంది. వద్దని ఎంతమంది చెప్పినా వినకుండా తట్టెడు ఉల్లిపాయలు కళ్ల వెంట నీళ్లు కారుతుండగా తరిగింది. కూర్చోనా అని గానీ, తరగనా అని గానీ అడగలేదు. నేను లెక్క రాసేదాన్ని కనుక గమనించాను. ఆ పూట అక్కడే విస్తట్లో సాంబారన్నం తిని, సాయంత్రం ఇంటికొచ్చాం.

నెల తిరక్కుండా మరో బంద్ నాడు పొద్దున్నే అండాలమ్మ సెల్లు మోగింది. నాన్న. చిరునామా, ఫోన్ నెంబరూ ఎవరు చెప్పారో, మమ్మల్ని తీసుకుపోవడానికి రాత్రి బస్సెక్కి బయల్దేరాడు. డ్రైవరు ఎల్బీ నగర్లో అందరినీ దింపేసి ఇక ముందుకు పోదన్నాడట. ఆటో లేదు, దారి తెలియదు, వచ్చి తీసుకెళ్లమంటున్నాడు.

అమ్మ చాలాసేపు వంటింట్లో నిలబడింది. అండాలమ్మ సాసర్ కింద పెట్టి, "నేను జెప్తనని సూడకు. పోతె పో, పోకుంటె ఊకో. నీ ఇష్టం" అంది. అమ్మ డబ్బాలో పులిహోర సర్దుకుని, "పద" అంది నాతో.

అంత దూరం అమ్మ ఎప్పుడూ నడపలేదు. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఉద్యమం టెంటు పక్కన, సూట్‌కేసు మీద కూర్చుని ఉన్నాడు నాన్న. తల దువ్వుకోలేదు, గడ్డం మాసింది. ఆయన అంత చిన్నగా ఉంటాడని నాకు అంతవరకూ తెలియదు.

"ఈ బండేంటి? నువ్వు నడపడమేంటి? దిగు. నేను నడుపుతా" అన్నాడు.

"దిగనండీ. దిగితే మళ్లీ స్టార్టవ్వదు" అంది అమ్మ.

అది నిజం. ఆ బండి ఆగితే అరగంట బతిమాలాలి. డబ్బా ఆయనకందించి, "పులిహోర, తినండి. మేం రాం. పాపను చూడాలనుకుంటే ముందు ఫోన్ చేసి రండి, ఇలాగే నలుగురిలో కలుద్దాం" అంది.

"ఎవర్నడిగి ఇదంతా?" ఆయన గొంతు పెరిగింది.

"ఎవర్నీ అడగలేదండీ" అంది అమ్మ, ఆ సంగతి తనకూ అప్పుడే తెలిసినట్టు.

ఆ కేకకు టెంటులోంచి ఒక ముసలామె లేచొచ్చి, "ఏమైంది బిడ్డా?" అంది. "ఏం లేదమ్మా, మా ఊరాయన. ఆకలి మీదున్నాడు" అంది అమ్మ. అంతే, నలుగురు వచ్చి నాన్నను రెక్క పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టి, చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టారు. టీవీలో ఉద్యమం వార్తలొస్తే బూతులు తిట్టే మనిషి, సాయంత్రం బస్సులు కదిలేవరకూ ఆ టెంటు నీడలోనే కూర్చోవాల్సి వచ్చిందని తర్వాత తెలిసింది.

తిరుగు ప్రయాణంలో ఇంకో చిక్కు. అమ్మకు అప్పటికి బండి చటుక్కున తిప్పడం రాదు. చౌరస్తా మొత్తం వాడుకుని, పెళ్లిపందిరి చుట్టూ తిరిగినంత నిదానంగా పెద్ద సున్నా చుట్టి రోడ్డెక్కింది. నాకు ఏడుపొచ్చింది. భయం పోయినందుకో, నాన్న ఆకలితో ఉండటం చూసినందుకో ఇప్పటికీ తేల్చుకోలేను.

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"ఏడిస్తే ఏడువు గానీ కదలకు. బండి ఊగుతోంది."

మర్నాడు అమ్మ నాకు కాపలా ఉద్యోగం నుంచి విశ్రాంతి ఇచ్చి, కొత్త పనులు అప్పజెప్పింది. నా జడలు నేనే వేసుకోవాలి, పాల ప్యాకెట్టు నేనే తేవాలి. మొదటి రోజు జడలు చెరో ఎత్తులో వేసుకుని పాలకు వెళ్లి, అచ్చం ఒకేలా ఉన్న హాస్టళ్ల సందుల్లో తప్పిపోయి, గంట తర్వాత చిల్లుపడ్డ ప్యాకెట్టుతో తిరిగొచ్చాను. అమ్మ గుమ్మంలోనే ఉంది. వెతకడానికి రావాలని నాలుగుసార్లు చెప్పులేసుకుని నాలుగుసార్లు విప్పిందని అండాలమ్మ చెప్పింది.

ఇప్పుడు అండాలమ్మ లేదు. అష్టాచెమ్మా ఆడిన అరుగు మీద ఐదంతస్తుల హాస్టల్ లేచింది. రోడ్డు నెత్తిన మెట్రో నడుస్తోంది. పండ్ల మార్కెట్ కూడా అక్కణ్ణుంచి వెళ్లిపోయింది, బత్తాయి వాసనను వెంటబెట్టుకుని. తెలంగాణ వచ్చింది, ఆ బంద్‌లు పోయాయి. నాన్న కొన్నాళ్లు ఫోన్ చేసి వచ్చేవాడు, తర్వాత ఫోన్ మాత్రమే చేసేవాడు, తర్వాత అదీ లేదు.

లాక్‌డౌన్‌లో ఒక ఉదయం మందుల కోసం బయటికెళ్తే, మళ్లీ ఆ రోడ్డు కనపడింది. ఈ చివర నుంచి ఆ చివరకు ఖాళీగా, కాకుల మాటలతో సహా. అక్కణ్ణుంచే అమ్మకు ఫోన్ చేసి, రోడ్డంతా నీదేనని చెప్పాను. అమ్మ అటువైపు ఏదో తాలింపు పెడుతోంది. "ఖాళీ రోడ్డు నాకిప్పుడెందుకే? వచ్చేప్పుడు కరివేపాకు తీసుకురా" అని ఫోన్ పెట్టేసింది.