క్యాథ్‌ల్యాబ్‌లో వెల్డింగ్ షీల్డు

ఆ రోజుల్లో నాకు భయమంటే తెలియదని రాస్తే మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. బల్లి కనిపిస్తే మంచమెక్కేదాన్ని. కానీ ఎవరైనా 'ఇక్కడింతే, సర్దుకుపో' అంటే మాత్రం ఒళ్ళు మండేది, ఇప్పటికీ మండుతుంది. గాజువాక వైపు ఒక ఆస్పత్రిలో, గుండె రక్తనాళాల్లోకి సన్నటి గొట్టం పంపి అడ్డంకులు చూసే క్యాథ్‌ల్యాబ్‌లో, కొత్త నర్సుగా చేరాను. అక్కడ పని సాగుతుంటే ఎక్స్‌రే నడుస్తూనే ఉంటుంది. రోగి ఒంటికి తగిలి చెదిరిన కిరణాలు చుట్టూ నిలబడ్డవాళ్ళ మీద పడతాయి. సీసం ఏప్రాన్ అందరికీ ఇచ్చారు (మోస్తే నడుం పడిపోయేది, అది వేరే సంగతి). సీసం కళ్ళద్దాలు మాత్రం ఒకే జత, అవి పెద్ద డాక్టరుగారి ముక్కు మీదే ఉండేవి. మా కళ్ళకు దేవుడే దిక్కు.

అక్కడ ఎన్నాళ్ళగానో పనిచేస్తున్న టెక్నీషియన్‌ని అందరూ బావ అనేవారు. తల ఇంకా నెరవకుండానే ఆయనకు కంట్లో శుక్లం వచ్చి ఆపరేషన్ అయింది. ఆ గదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు. నేను వెళ్ళి అద్దాలు అడిగితే, రేపో మాపో పెళ్ళయి వెళ్ళిపోయేదానివి, నీకెందుకంది ఇన్‌చార్జి సిస్టరు. పెళ్ళికి కళ్ళు అక్కర్లేదా అన్నాను. ఆవిడ కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

ఆటోనగర్‌లో వెల్డింగ్ షెడ్డు నడిపే మా నాన్న ఇదంతా విని అన్నం కలపడం ఆపేశాడు. "మా షెడ్డులో అద్దం నేకుండా ఎవుల్నీ హోల్డర్ ముట్టుకోనివ్వను. మీ ఆస్పత్రోలు కళ్ళని అలాగ ఒగ్గేత్తారేటి?" అని, తెల్లారేసరికి తన షీల్డు నా చేతిలో పెట్టాడు. ముఖమంతా కప్పే తొడుగు, కళ్ళ దగ్గర నల్లద్దం. అంత మంటను ఆపేది ఎక్స్‌రేని ఆపదా అని తండ్రీకూతుళ్ళం ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాం. (నర్సింగులో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఎలాగని అడక్కండి.)

ఆ పొద్దునే అది తొడుక్కుని, తల పైకెత్తి ల్యాబులోకి నడిచాను. ఎదురుగా మంట వెలిగితే తప్ప ఆ అద్దంలోంచి ఏమీ కనిపించదని అప్పుడు తెలిసింది. సెలైన్ స్టాండును గుద్దుకుని, దాంతోపాటు వెళ్ళి రోగి బల్లకు ఆనుకున్నాను. బల్ల మీదున్నది మల్కాపురం పెద్దాయన, పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు. ఇంకా పని మొదలవలేదు కాబట్టి చటుక్కున లేచి కూర్చున్నాడు. "ఏటమ్మా, నా గుండెకాయకి వెల్డింగెడతారేటి?"

డాక్టరుగారు షీల్డు తీయించి, ఇది వెల్డింగ్ వెలుగునే ఆపుతుంది, ఎక్స్‌రేకి సీసం ఉండాలి, ఆ మాత్రం తెలీదా అన్నారు. సిగ్గుతో చచ్చాను. కానీ నోరు నా మాట వినలేదు. "ఆ సీసం ఉన్నవి మీ ముక్కు మీదున్నాయి సార్. మావెక్కడ?" అన్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అప్పుడా పెద్దాయన బల్ల మీంచి కాళ్ళు కిందికి వేలాడేశాడు. "బాబూ, ఆ పాపకి కళ్ళజోడిత్తేగానీ నాను పడుకోను."

గుండె నొప్పితో వచ్చిన మనిషి, నా కళ్ళ కోసం మొండికేశాడు. డాక్టరుగారు పైకప్పు నుంచి వేలాడే సీసం అద్దాన్ని తనే లాక్కున్నారు. ఆయనకు అడ్డమని దాన్ని ఎప్పుడో మూలకు నెట్టేశారు, దానికి మేం టోపీలు తగిలించుకునేవాళ్ళం. దాని వెనక నిలబడి తన కళ్ళజోడు తీసి నాకిచ్చారు. అది నా ముక్కు చివర దాకా జారింది. అలాగే పని పూర్తిచేశాం.

సాయంత్రం క్రమశిక్షణ లేదని మెమో ఇచ్చారు. తీసుకుని, అద్దాలు రాకపోతే మళ్ళీ షీల్డుతోనే వస్తానన్నాను. ఆ నెలాఖరులోగా అందరికీ వచ్చాయి. బావ తన జత పెట్టుకుని, "ముందే నువ్వొచ్చుంటే నా కన్ను మిగిలేదే," అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడా ల్యాబుకి నేనే ఇన్‌చార్జిని. బరువని మూలిగే కొత్త పిల్లల్ని అద్దాలు లేకుండా గుమ్మం దాటనివ్వను. నన్ను వెనకాల రాక్షసి అంటారట, అననీ. మొన్న కంటి డాక్టరు చుక్కల మందేసి చూసి, పొర ఛాయ కూడా లేదన్నాడు. ఇంటికొచ్చి అటకమీంచి నాన్న షీల్డు దింపి తొడుక్కున్నాను. చిమ్మచీకటి. ఏమీ కనిపించకుండానే అప్పటి ఆ పిల్ల ఎంత ధీమాగా నడిచిందో తలుచుకుంటూ, ఆ చీకట్లోనే కాసేపు నవ్వుకున్నాను.