పక్కా బిల్లు అడిగిన మనిషి

మా దుకాణంలో బేరం తెగి, సామాను తూకం వేశాక చివరగా అడిగే మాట ఒకటుంది. "బిల్లు కావాల్నా?" అని. ఆ మాట ఎట్లా అడగాలో మా నాన్న నేర్పాడు. అడిగేటప్పుడు ముఖం కొంచెం చిట్లించాలి, కొనేవాళ్లకు ఏదో నష్టం రాబోతున్నట్టు. "కావాలంటే రాసిస్తా. కాకపోతే ట్యాక్స్ కలుస్తది మరి" అనాలి. ఇక అటునుంచి వచ్చేది ఒకటే జవాబు. "ఎందుకులే, చిట్టీ రాసియ్యి."

చిట్టీ అంటే పాత క్యాలెండరు కాగితం చింపి, వెనకవైపు పెన్నుతో రాసిచ్చే లెక్క. అది కచ్చా. నంబరు వేసి అచ్చు కొట్టించిన పుస్తకంలో పేరు, ఊరు, తారీఖు, ట్యాక్సుతో సహా రాసిచ్చేది పక్కా. పక్కా పుస్తకం మా కొట్లో ఏడాదికొకటి కూడా అయిపోదు. గవర్నమెంటు హాస్టలు వాళ్లు వంటకు పెద్ద గంజులు కొన్నప్పుడు తప్ప దాని దుమ్ము ఎవరూ దులపరు.

నేను వైరాలో స్టీలు సామాన్ల దుకాణం వెనక గదిలో పెరిగినదాన్ని. పెళ్లయి అడవి అంచున ఉన్న ఈ మండలం ఊరికి వచ్చినా మళ్లీ సామాన్లే. మా ఆయనకు బేరం రాదు. ఎవరైనా "ఇంతకిస్తవా?" అంటే ఆ మాట పూర్తి కాకముందే సంచి తీస్తాడు. అందుకని సరుకు తేవడానికి ఆయనను తిప్పి, గల్లా దగ్గర నేను కూర్చుంటాను. ఒకసారి కడుపునొప్పితో దవాఖానాలో పడుకొని కూడా స్కానింగు ధర తగ్గించమన్నాను. తగ్గించారు. ఆ సంతోషంలో నొప్పి కాసేపు మర్చిపోయాను. నా తెలివి అంతవరకే, దాన్ని గురించి పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఆ తెలివిని నమ్ముకునే మా బజారు వాళ్లు రెండేళ్ల కింద నన్ను ముందుకు తోశారు. విషయం ఇంటిపన్ను.

అంతకు ముందు పన్ను వసూలుకు ఒకాయన వచ్చేవాడు. నెమ్మదస్తుడు, ప్రతి ఇంట్లో చాయ్ తాగేవాడు, రశీదులు రాసిచ్చేవాడు. ఆయన బదిలీ అయి వెళ్లాక తెలిసింది, ఆ రశీదులు ఆఫీసు కంప్యూటర్లో ఎక్కలేదని. మళ్లీ కట్టమన్నారు. కట్టాం. ఆ తర్వాత మా దుకాణాల ముందు మురుగునీళ్లకు మోరీ కడతామని తవ్వారు. తవ్వినవాళ్లు మళ్లీ రాలేదు. దానిమీద ఎవరి దుకాణం ముందు వాళ్లం ఒక చెక్క వేసుకున్నాం. మా ఆయన రెండుసార్లు అందులో పడ్డాడు. రెండోసారి చేతిలో చాయ్ గ్లాసు కూడా ఒలకలేదు, అంత అలవాటైపోయింది.

"ఈసారి మోరీ మూత పడితేనే పన్ను" అని బజారంతా ఒక మాట మీదికి వచ్చారు. పక్క బట్టల దుకాణం ఆయన "వదినా, నువ్వు మాట్లాడు. నీ నోటికి సెక్రటరీ ఏంది, కలెక్టరైనా రేటు తగ్గిస్తడు" అన్నాడు. పొగడ్త అని తెలిసినా తీసుకున్నాను. ఊరికే వచ్చేది కదా.

పంచాయతీ సెక్రటరీ కొత్తగా వచ్చిన పిల్ల. సత్తుపల్లి వైపు నుంచి వచ్చింది, ఇక్కడ ఒక గది కిరాయికి తీసుకుని స్కూటీ మీద తిరిగేది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మార్చి నెల, ఎండ అప్పుడే మండుతోంది. చేతిలో పన్ను మిషను పట్టుకుని మా కొట్లోకి వచ్చింది. బజారు వాళ్లు నలుగురైదుగురు ఏమీ తెలియనట్టు మా మెట్ల దగ్గర చేరారు.

"కూర్చో బిడ్డా. చాయ్ తాగుతవా?"

"చాయ్ వద్దక్కా. పన్ను కట్టండి, అది చాలు."

"కట్టమని ఎవరన్నరు? మూత పెట్టియ్యి, ఆ రోజే బజారు మొత్తం లైన్ల నిలబడి కడ్తది."

"మోరీ నా చేతిలో లేదక్కా. మీరు కడితేనే కదా డబ్బులు వచ్చేది."

"ఇచ్చినం గదా ఒకసారి. రెండోసారి కూడ ఇచ్చినం. ఎటు పోయినయ్?"

"అప్పుడు నేను లేను."

"నువ్వు లేవు. మోరీ ఉన్నది."

మెట్ల మీద వాళ్లు నవ్వారు. నాకు హుషారు పుట్టింది. "ఒక పని చెయ్యి. సగం ఇప్పుడు తీస్కో, సగం మూత పడ్డంక" అన్నాను. ఇది నా పాత ఎత్తు, ఎక్కడా తప్పలేదు.

ఆ పిల్ల నావైపు అలసటగా చూసింది. "పన్నుకు బేరం ఉండదక్కా" అంది.

ఆ మాట అందరికీ తెలిసిందే. కానీ నా మొహం మీద ఎవరూ అట్లా అనలేదు. బేరంలో ఉన్న బలమంతా లేచి వెళ్లిపోవడంలో ఉంటుంది. సంతకు వచ్చే గూడెం వాళ్లు నాకంటే బాగా చేస్తారు ఆ పని. బిందె కింద పెట్టి నాలుగడుగులు వేస్తారు, వెనక్కి చూడరు. ఐదో అడుగుకు నేనే "ఇగో, ఇటు రా" అని పిలుస్తాను. అదే సర్కారు దగ్గర అయితే లేచి ఎటు పోవాలి? ఎదురుగా ఇంకో పంచాయతీ ఆఫీసు లేదు, ధర అడిగి చూడటానికి. పోయినా "ఇటు రా" అని పిలిచేవాడు లేడు. అందుకని మాకు మిగిలింది ఉన్నచోటనే కూర్చుని చెయ్యి మూసుకోవడం. అది న్యాయమని నేను అనను. దాన్ని మించిన ఉపాయం మాకు తట్టలేదు, అంతే.

సరిగ్గా అప్పుడు, ప్లాస్టిక్ బకెట్ల పక్కన ఇంతసేపూ నిలబడి ఉన్న ఒక ముసలాయన లోపలికి వచ్చాడు. మాకు పాత గిరాకీ. అడవి లోపలి గూడెం మనిషి, వాళ్లలో వాళ్లు వేరే భాష మాట్లాడుకుంటారు, మాతో తెలుగే. ఆయన నన్ను కాదు, సెక్రటరీని చూసి మాట్లాడాడు.

"అమ్మా, నా ఇంటికి పన్ను వెయ్యి."

మెట్ల మీద వాళ్లు మళ్లీ నవ్వారు. "తాతా, మా పన్ను కూడ నువ్వే కట్టు" అన్నాడు బట్టల దుకాణం ఆయన. ముసలాయన నవ్వలేదు. ఆయన చెప్పింది ఇది: ఫారెస్టు వాళ్లు అడవికి హద్దుగా కందకం తవ్వారు. తన అన్న ఇల్లు కందకానికి ఇవతల పడింది, ఈయన ఇల్లు అవతల పడింది. వానాకాలం లోపు ఇల్లు తీసెయ్యమన్నారు. "ఎన్నేండ్ల సంది ఉంటున్నవో కాగితం చూపెట్టు" అన్నారట. రేషన్ కార్డు, ఆధారు అన్నీ అన్న ఇంటి నంబరు మీదే ఉన్నాయి. తన ఇంటికి ఏ కాగితమూ లేదు. పన్ను రశీదు ఒక్కటి ఉంటే ఇల్లు ఉన్నట్టు లెక్క అని ఎవరో చెప్పారు. పురుగుమందు ప్యాకెట్టు కవరులో డబ్బులు మడిచి తెచ్చాడు.

"మీ ఇంటికి నంబరు లేదు తాతా. నంబరు లేకుండ పన్ను ఎట్ల తీసుకుంటా?" అంది ఆ పిల్ల.

"నంబరు ఇయ్యి."

"కందకం అవతల ఇవ్వకూడదు."

"ఐతే నా ఇల్లు లేదా?"

"ఉంది తాతా."

"ఉంటే తీస్కో మరి."

ఆ పిల్ల మిషను వైపు చూసుకుంది. వసూలు పూర్తి కాకపోతే తన పర్మనెంటు కాగితం ఆగుతుందని ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరి దగ్గర తీసుకోవచ్చో ఆ మేం ఇవ్వం. ఇస్తానన్నవాడి దగ్గర ఆమె తీసుకోకూడదు. మెట్ల మీద ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే ఎవరి దుకాణాలకు వాళ్లు జారుకున్నారు.

ముసలాయన నావైపు తిరిగాడు. "సావుకారమ్మా, నువ్వు బేరం మంచిగ చేస్తవ్. ఈమెకు జర చెప్పు."

పన్ను ఆపుదామని కూర్చున్నదాన్ని, తీసుకొమ్మని బేరానికి దిగాను. "ఒక తెల్లకాగితం మీదన్న రాసియ్యి బిడ్డా, ఉంటున్నడని" అన్నాను.

"రాసిస్తే నా ఉద్యోగం పోతుంది, తాత ఇల్లూ దక్కదు" అంది. మిషను సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. నేను పిలవలేదు.

ముసలాయన వెళ్లలేదు. గల్లా దగ్గరికి వచ్చి, "హాస్టలోళ్లకు అచ్చుబుక్కుల రాసిస్తవు గదా, గట్ల నాకు రాసియ్యి" అన్నాడు.

"అది గంజులు కొన్నందుకు ఇచ్చే బిల్లు తాతా."

"ఐతే నేను బిందె కొంట."

"పక్కా బిల్లు అంటే ట్యాక్స్ కలుస్తది మరి." అలవాటుగా ముఖం కూడా చిట్లించాను.

"కలవనియ్యి. అదే గదా నాకు కావాల్సింది." తర్వాత అడిగాడు, "గది సర్కారుకు పోతదా?"

"అవ్, పోతది."

"నా పేరు మీద పోతదా?"

అమ్మేవాళ్ల నోట్లో కొన్ని మాటలు తయారుగా ఉంటాయి, ఆలోచించకుండానే వస్తాయి. "పోతది తాతా" అన్నాను. నిజానికి అది నా దుకాణం ట్యాక్స్ నంబరు మీద పోతుంది. సర్కారుకు ఆ బిందె ఎవరు కొన్నారన్నది అక్కర్లేదు.

బిందె ధర చెప్పాను. అది బేరానికి చెప్పే ధర, తగ్గించడానికి చోటు పెట్టి చెప్పేది. ఆయన తగ్గించమనలేదు. కవరు విప్పుతున్నాడు. నాలుగడుగులు వేస్తాడేమోనని చూశాను. వెయ్యలేదు. చివరికి నాకు నేనే "ఎక్కువ చెప్పిన, ఇంత తీస్కో" అని తగ్గించుకోవలసి వచ్చింది. నా బతుకులో అంత ఇబ్బందిపడ్డ బేరం లేదు.

పుస్తకం దుమ్ము దులిపి ఆయన పేరు, గూడెం పేరు, తారీఖు రాశాను. "కందకం అవతలి ఇల్లు అని రాయి" అన్నాడు. బిల్లులో చిరునామాకు ఉన్నది ఒకటే గీత. దాని కిందికి దించి రాశాను. దుకాణం ముద్ర వెయ్యమన్నాడు. రెండు చోట్ల వేశాను.

నెలాఖరుకు నా ఫోనుకు మెసేజ్ వచ్చింది, ఇంటిపన్ను జమ అయిందని. నేను కట్టలేదు. బట్టల దుకాణం ఆయనకూ వచ్చింది. పైనుంచి ఒత్తిడి తట్టుకోలేక ఆ పిల్ల మిగిలిన ఇళ్లకు తన జీతంలోంచి కట్టిందని తర్వాత తెలిసింది. బేరం నేనే గెలిచాను అన్నమాట. ఆఫీసుకు వెళ్లి ఆ పిల్లకు నా పన్ను డబ్బులు ఇచ్చాను. తీసుకుంది. బజారు వాళ్లకు చెబితే, "మేము కట్టమన్నమా?" అన్నారు. అదీ నిజమే. నేను కూడా గెలవకముందు అట్లాగే అనేదాన్ని. మరుసటి ఏడు ఆ పిల్ల బదిలీ పెట్టించుకుని వెళ్లిపోయింది.

వానలకు ముందు ఫారెస్టు వాళ్లు ముసలాయన ఇంటికి వచ్చారట. ఆయన బిల్లు చూపించాడు. వచ్చినతను చదివి, తిప్పి వెనకవైపు చూసి, ఫోనులో ఫోటో తీసుకుని పోయాడట. మళ్లీ రాలేదు. బిల్లు చూసి ఆగారని నేను అనుకోను. ఆఫీసరు మారి ఉంటాడు, పని వేరే వైపు పడి ఉంటుంది, మా మోరీ ఆగినట్టే ఆ పనీ ఆగి ఉంటుంది. ఆయన మాత్రం బిల్లు వల్లనే అని గట్టిగా నమ్మాడు.

అందుకే మరుసటి మార్చిలో వచ్చి నిలబడ్డాడు. "ఈ ఏటిది రాసియ్యి."

"బిందె ఉన్నది గదా తాతా."

"ఉన్నది. పన్ను ఏటేట కట్టాలె గదా."

అప్పుడు చెప్పవలసింది. ఇది ఇంటిపన్ను కాదు, నీ పేరు మీద పోదు, రేపు ఎవరైనా గట్టిగా అడిగితే ఇది ఒక బిందె కొన్న కాగితం మాత్రమే అని. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోటితో "ఏం తీస్కుంటవ్?" అని అడిగాను.

"ఏదో ఒకటి. పన్ను పడేది ఇయ్యి."

ఈ మార్చిలో మూడోసారి వచ్చాడు. అంతకు ముందురోజే బజారు వాళ్లు మళ్లీ చేరారు, పన్ను ఆపుదామని, నువ్వే మాట్లాడు వదినా అని. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పాను. ముసలాయన చెక్క మీద నుంచి మోరీ దాటుతూ కిందికి చూశాడు.

"ఇంక కట్టలేదా ఇది?"

"కట్టలేదు. అందుకే మావోళ్లు పన్ను కడ్తలేరు."

ఆయన చెక్క దిగి లోపలికి వచ్చాడు. "మీ ఇండ్లు లేవని ఎవరన్నా అంటరా?" అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు, తెలుసుకుందామని అడిగాడు.

"అనరు."

"మంచిగున్నది" అన్నాడు.

ఈసారి ఒక చిన్న గంజు తీసుకున్నాడు. పేరు, గూడెం, కందకం అవతలి ఇల్లు. రాసేది ఇప్పుడు చూడకుండానే వస్తుంది. "పోయినేటిది ముట్టిందా సర్కారుకు?" అన్నాడు.

"ముట్టింది" అన్నాను. అంతవరకైతే నిజం. చిట్టీల మీద అమ్మినవాటి ట్యాక్స్ ఎంత మింగినా, నెల లెక్కలు పంపేటప్పుడు ఆయన బిల్లు ముందు పెట్టి పంపిస్తాను. పేరు దగ్గర మాత్రం నా పేరే ఉంటుంది.

"బిల్లు తడవకుంట ఒక కవరు ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. కవరుకు పైసలు తీసుకోలేదు.