ఆరు సీసాల గన్ను

తిరుపతిలో మేముండే ఇంటికి రెండు వీధుల అవతల కార్లకు రంగులు కొట్టే షెడ్డు ఒకటి ఉంది. సాయంత్రం గాలి అటునుంచి తిరిగిందంటే తిన్నరు వాసన మా వంటింటి దాకా వస్తుంది. మా ఆయన ముక్కు మూసుకుని గబగబా కిటికీలు వేసేస్తాడు. నేను మాత్రం చేతిలో పని ఆపి కాసేపు అలాగే నిలబడిపోతాను. తియ్యగా మొదలై గొంతులో గీరుకుపోయే ఆ వాసన నా చిన్నతనంలో మా అమ్మ చీర వాసన.

తొంభైల్లో మేం చిత్తూరులో ఉండేవాళ్లం. బడుల సైన్సు గదుల్లో అద్దాల బీరువాలో పెట్టే నమూనాలు చేయడం మా నాయన పని. సగానికి కోసిన గుండె, కోడిగుడ్డంత కన్ను, చెవి లోపల నత్తలా చుట్టుకున్న ఎముక, నిలువునా చీల్చిన మందార పువ్వు, ఇలాంటివన్నీ రబ్బరు అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక ఊడదీసి, మిద్దె మీద వరసగా ఆరబెట్టేవాడు. వీధిలో పిల్లలు మా మిద్దెకేసి చూసి జడుసుకునేవాళ్లు. నాకేమో ఆ విరిగిన ముక్కలే ఆస్తి. వంకరపోయిన మూత్రపిండంతో వీధి బండల మీద గళ్లు గీసి తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. గీత అరిగిపోతే ఇంకో చెవి ముక్క తెచ్చేదాన్ని. పొద్దున సంగటి, ఊరుబిండి తిని నాయన అచ్చుల ముందు కూర్చుంటే, అమ్మ గిన్నెలు తోమేసి, వానాకాలమైతే వసారాలో, ఎండాకాలమైతే పెరట్లో వేపచెట్టు కింద, ఈతాకు చాప పరుచుకుని రంగులు కలుపుకునేది. అయిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. కానీ ఏ నాళానికి నీలం వేయాలో, ఏ నాళానికి ఎరుపు వేయాలో, ఏది ఎక్కడ చీలి ఎటు పోతుందో పుస్తకం చూడకుండా చెప్పేది. సన్నటి కుంచె కొనను పెదాల మధ్య తడిపి ఊపిరి బిగబట్టి గీత గీస్తే, ఆ గీత అయ్యేదాకా నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని.

మా నమూనాలన్నీ ఒక ఏజెంటు తీసుకుని బడులకు వేసేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఎండాకాలంలో ఆయన వచ్చి, అమ్మ రంగులేసిన గుండెను అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"ఇప్పుడంతా గన్ను పనేనప్పా. ఈ కుంచె గీతలు కనపడితే బళ్లోళ్లు తీసుకోవడం ల్యా. నున్నగా, పొగ మాదిరి కలిసిపోవల్ల రంగు" అన్నాడు.

ఆ వారమే ముగ్గురం బస్సెక్కి మద్రాసు పోయాం. నేను మద్రాసు చూడటం అదే మొదలు. ఒక సందులోని ఇరుకైన అంగట్లో తెలుగు మాట్లాడే శెట్టిగారు గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ గన్నులు రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఎర్రటి అట్టపెట్టెలో ఉంది, దాంతోపాటు ఆరు చిన్న గాజు సీసాలు. రంగు పోసిన సీసాను గన్ను కింద వేలాడదీసి మీట నొక్కితే రంగూ గాలీ ఒకేసారి బుస్సుమని వచ్చేస్తాయి. ఇంకొకటి జపాన్‌ది, నల్ల డబ్బాలో మఖమల్ గుడ్డ మీద కలంలా పడుకుని ఉంది. వేలితో నొక్కితే గాలి వస్తుంది, అదే వేలితో వెనక్కి లాగేకొద్దీ రంగు వస్తుంది, ఎంత కావాలంటే అంతే. దాని ధర మొదటిదానికి అయిదారు రెట్లు.

శెట్టిగారు పాత పేపరు పరిచి అమ్మకు ఇచ్చాడు. ఎర్ర పెట్టెది ముందు పట్టుకుంది. తుప్పర కాగితమంతా కమ్మేసి, చివర ఒక చుక్క తుపుక్కున ఉమ్మింది. నల్ల డబ్బాలోది పట్టుకున్నాక అమ్మ భుజాలు దిగాయి. పేపరు మీద రావి ఆకు ఈనెలాంటి గీత ఒకటి లాగి, దానికి కొమ్మలు, ఆ కొమ్మలకు మళ్లీ వెంట్రుకలంత రెమ్మలు వేస్తూ పోయింది. శెట్టిగారు మాట్లాడటం మానేసి చూస్తున్నాడు.

"ఇది సెప్పినట్టు ఇంటాదయ్యా" అంది అమ్మ, మెల్లగా.

నాయన ఆమెకేసి చూడలేదు. నాకేసి తిరిగాడు. "నువ్వు సెప్పు పాపా. ఏది బాగుండాది?"

నేను ఎర్ర పెట్టె చూపించాను. ఆరు సీసాల్లో ఒకటి నాకిస్తారనీ, దాంట్లో రంగునీళ్లు పోసి కిటికీలో పెట్టుకోవచ్చనీ నా ఆశ.

"పాపే సెప్పేసింది గదా!" అని నాయన పెద్దగా నవ్వాడు. అమ్మ జపాన్ ఎయిర్‌బ్రష్‌ను రెండు చేతులతో మఖమల్ మీద పెట్టి మూత వేసింది. తిరుగు బస్సులో చిత్తూరు దాకా నా తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

గాలి కోసం నాయన పాత లారీ ట్యూబు తెచ్చాడు. కాలిపంపుతో దాన్ని నింపడం నా పని. ట్యూబు మీద కూర్చుని ఎగరడం, అది మెత్తబడగానే మళ్లీ పంపు తొక్కడం అంటే నాకు ఎంత సంబరమో! తడి రంగు మీద దుమ్ము పడకూడదని వేపచెట్టు కింది పని ముందుగదిలోకి మారింది. తలుపులు, కిటికీ మూసి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని అమ్మ లోపల కూర్చునేది. ట్యూబుతో నేను గుమ్మం ఇవతల. సన్నటి గొట్టం ఒక్కటే తలుపు కింది సందులోంచి లోపలికి పోయేది. ఆ గన్నుకు సన్న గీత రాదు. నమూనాకు కాగితం ముక్కలు అంటించి, మీద కొట్టి, ముక్కలు ఊడదీసి, చుక్కలు పడితే తిన్నరుతో తుడిచి మళ్లీ కొట్టాలి. నమూనాకు అంటే రంగు కొంచెం, గదిలో తేలే రంగు ఎక్కువ. తలుపు తీస్తే అమ్మ మంచులో నిలబడ్డట్టు ఉండేది. గుండెలు చేసిన రోజు ఆమె చీదితే ఎరుపు, నాళాలు చేసిన రోజు నీలం. అది చూసి మేమిద్దరం నవ్వుకునేవాళ్లం.

మూడేళ్లు అలా గడిచాయి. ఒక మధ్యాహ్నం అమ్మ పొయ్యి ముందే కూర్చుని ఉండగా బాణలిలో చెనిగ్గింజలు నల్లగా మాడిపోయాయి. నేను వీధిలోంచి పరిగెత్తుకొచ్చాను. ఆమెకు వాసనే తెలియలేదు. ఆ తర్వాత దగ్గు పట్టుకుంది, పోలేదు. మిద్దె మెట్లు సగంలో ఆగి కూర్చునేది. గంగజాతరకు అంబలి కాచి వీధిలో అందరికీ పోసే మనిషి, ఆ ఏడు తపేలా దించలేక గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయింది.

ఆసుపత్రికి పోతే డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాడు.

"ఏం ల్యా సార్. ఇంట్లోనే ఉంటా" అంది అమ్మ.

నాయన గోడకేసి చూశాడు. నేను నోరు తెరవబోయాను. నీలం ఇంకా వదలని గోళ్లతో అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. డాక్టరు ఉబ్బసమని రాసిచ్చాడు. బయటికొచ్చాక అమ్మే అంది: "సెప్తే మానెయ్యమంటాడు. మానేస్తే ఎట్లా?" నాయన ఊ అన్నాడు.

మరుసటి ఏడు మామిడికాయల రోజుల్లో నాయన ఒక్కడే మద్రాసు పోయి నల్ల డబ్బాతో తిరిగొచ్చాడు. అప్పటికి అమ్మ మంచం మీద మూడు దిండ్లకు ఆనుకుని ఉంది. డబ్బా తెరిచి ఒళ్లో పెడితే చాలాసేపు చూసింది. కాగితం పట్టుకోమని నాకు సైగ చేసింది. నేను ట్యూబు నింపి వచ్చాను. గీత మొదలైంది, వణికింది, ఆగిపోయింది. అమ్మకు అప్పుడు ఊపిరి బిగబట్టేంత ఊపిరి లేదు.

"ఇప్పుడెందుకయ్యా ఇది" అని డబ్బాలో పెట్టేసింది. పది రోజులకు పోయింది. నాకు పదమూడేళ్లు.

ఖరీదైనది ముందే కొని ఉంటే ఆమె బతికేదని నేను చెప్పలేను. ఒక కిటికీ తెరిచి ఉంచినా బతికేదేమో. కానీ ఆ అంగట్లో చాచిన నా వేలు నాకు చాలా ఏళ్లు నిద్రలో కనిపించేది. పెళ్లయి, కొడుకు పుట్టాక, నాయన నా దగ్గరే ఉంటున్న రోజుల్లో, ఒక పగలు ఇద్దరం చెనక్కాయలు ఒలుస్తుంటే అడిగేశాను, నేను ఎర్ర పెట్టె చూపించకపోయి ఉంటే అని.

నాయన చేతులు ఆగాయి. "నువ్వేం సూపించినావో నాకు గుర్తే ల్యా పాపా. పోయేటప్పుడు బస్సులోనే అనుకున్నా, సవకదే తీసుకోవల్లని. మీ యమ్మ మొగం సూసి నోరు రాక నిన్నడిగినా."

అంతే అన్నాడు. మళ్లీ ఒలవడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు రాలేదు. బరువు దిగినట్టూ అనిపించలేదు. మధ్యాహ్నం ఆయనకు అన్నం వడ్డించాను, ఆయన తిన్నాడు.

నాయన కూడా పోయాడు. మా అబ్బాయి బళ్లో గుండెను తెర మీద చూపిస్తారు, అది కొట్టుకుంటుంది కూడా. చిత్తూరులో మా మిద్దె, వేపచెట్టు ఉన్నచోట సెల్‌ఫోన్ల అంగడి వచ్చింది. అమ్మ రంగులేసిన నమూనా ఒక్కటైనా దొరక్కపోతుందా అని మొన్న సెలవుల్లో అయిదారు బడులు తిరిగాను. బీరువాల్లో అన్నీ ప్లాస్టిక్‌వే. ఒక చోట ముసలి అటెండరు మాత్రం, "ఉండేవమ్మా, తెల్లగా పగిలిపోతాంటే అన్నీ గుంత తీసి పూడ్చేసినాం" అన్నాడు.

యాడ అని అడిగాను.

ఆయన బడి వెనక పెరడంతా ఒకసారి చూసి, గుర్తు లేదన్నాడు.