కాలు కదిలిన శుక్రవారం

మనవరాలికి నలుగు పెట్టి స్నానం చేయిస్తుంటే, శనగపిండి వాసన మధ్య ఆ పసిదాని కాలి బొటనవేలు నన్ను గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాకు లాక్కుపోయింది. అరికాలు గీస్తే పసిపిల్లల బొటనవేలు పైకి లేస్తుంది. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే నరాలు వాళ్ళలో ఇంకా ముదరవు కాబట్టి అది మామూలే. పెద్దవాళ్ళలో లేచిందంటే మాత్రం ఆ దారిలో ఎక్కడో దెబ్బ తగిలిందని అర్థం. నర్సింగ్ పరీక్ష రాసి హాయిగా మరిచిపోయిన ఈ సంగతి నాకు మళ్ళీ నేర్పింది సుగుణక్క.

అక్కది నరసాపురం వైపు. అక్కడ నేను నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలో మా వార్డు ఇన్‌ఛార్జి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. అక్కడ వారపు సెలవు శుక్రవారమే కాబట్టి, ఆ రోజు చర్చి నుంచి తిన్నగా డ్యూటీకి వచ్చి, ప్రార్థన ముగించిన నోటితోనే మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టేది. ఆమెంటే నాకు హడల్. అంతకు మించి ఇష్టం.

2005లో రాజన్న అనే కూలీ మా వార్డుకు వచ్చాడు. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. పరంజా మీద నుంచి పడితే నడుముకు పైన వెన్నెముక విరిగి, లోపలున్న వెన్నుపాము తెగింది. ఇక నడవలేడని డాక్టరు కంపెనీ మనిషికి ఇంగ్లీషులో చెప్పాడు. ఆ మాట రాజన్నకు తెలుగులో చెప్పినవాళ్ళు లేరు. నేనూ చెప్పలేదు.

కొన్ని వారాల తర్వాత, ఒక శుక్రవారం మధ్యాహ్నం లేబర్ క్యాంపు నుంచి అతని దోస్తులు వచ్చారు. అందులో ఒకడు ప్రేమకొద్దీ పాదాలు రుద్దుతుంటే రాజన్న బొటనవేలు పైకి లేచి, మోకాలు ఎగిరిపడింది. "కదిలిందిరా! కాలు కదిలింది!" అని వార్డంతా ఒకటే కేకలు. ఇంకొకడు పరుగున పోయి జిలేబీలు తెచ్చి నా చేతిలోనూ పెట్టాడు. "మా లక్ష్మికి చెప్త. నడుస్తనని చెప్త" అంటూ రాజన్న ఫోను తీశాడు. అది నడక కాదని నాకు తెలుసు. జిలేబీ పక్కన పెట్టి సుగుణక్క కోసం పరిగెత్తాను.

సుగుణక్క వచ్చి అతని తల దగ్గర కూర్చుని, భుజం మీద చెయ్యి వేసింది.

"ఆగు తమ్ముడూ, ఫోను తర్వాత చేద్దువుగాని. మీ సైటులో పెద్ద మేనేజరు, అదే ముదీరూ ఉంటాడు, ఫోర్‌మనూ ఉంటాడు కదా?"

"ఉంటరక్కా."

"తలలో ఉన్న మెదడు ముదీర్. వీపులో ఉన్న వెన్నుపాము ఫోర్‌మన్. చెయ్యి కాలిందనుకో, ముదీర్‌ని అడక్కుండా ఫోర్‌మనే లాగేస్తాడు. ఇప్పుడు నీ కాలు ఎగరడం కూడా ఫోర్‌మన్ సొంతంగా చేసిన పనే. పైనుంచి కబురు కిందికి వెళ్ళడం లేదయ్యా, కిందిది పైకి రావడమూ లేదు. మధ్యలో దారి తెగిపోయింది."

"మల్ల అతుకదా?"

"ఎముక అతుకుద్ది నాన్నా. అది అతకదు."

"గంతేనా? ఖలాసా?"

"కాళ్ళ వరకే. చేతులకు పోయే నరాలు దెబ్బకు పైన ఉన్నాయి. అవి ఎప్పుడూ నీ మాట వింటాయి."

దోస్తులు జిలేబీ పొట్లం మడిచేసుకున్నారు. నేను ఏడుస్తూ దుప్పటి మీద నుంచి రాజన్న పాదం నిమురుతున్నాను. అక్క నా వైపు తిరిగి కసిరింది. "అక్కడ పట్టుకుంటే వాడికేం తెలుస్తుందే? తెలిసే చోట పట్టుకో!"

నేను ఇటు వచ్చి రెండో భుజం పట్టుకున్నాను. రాజన్న ఫోను కలిపాడు. "లక్ష్మీ... కాళ్ళు ఇగ రావు. చేతులు మంచిగున్నయ్. నువ్వు ఏడ్వకు" అంటూనే తల వాల్చి నా చేతికి ఆనించాడు. అతని మాటలు అయ్యేదాకా అక్క తన చెయ్యి తియ్యలేదు.

2008లో నేను ఇండియాకు వచ్చేశాను. కొన్నేళ్ళకు మా ఆయనకు మెదడులో ఎడమ పక్క రక్తనాళం చిట్లి, కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది. బంధువులంతా కుడివైపు చేరి, చచ్చుబడిన ఆ చేతిని పట్టుకుని ఏడుస్తున్నారు. ఆయన ఎవరి కోసమో కళ్ళతో వెతుకుతున్నారు. నేను మంచం చుట్టూ తిరిగి ఎడమవైపు కూర్చుని ఆ చెయ్యి అందుకున్నాను. నా వేళ్ళు నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నారు.