ఒక్కటే గది అని రాయండి

ఆమెను అందరూ టేపక్క అనేవారు. ఇళ్లు మారేవాళ్ల సామాను సర్ది లారీకెక్కించి కొత్త ఇంట్లో దించిపెట్టే కంపెనీలో ఆమెది వంటింటి సామాను సర్దే పని. గ్లాసులకు కాగితం చుట్టి, అట్టపెట్టెలో పేర్చి, మూత మీద టేపు బర్రున లాగి పళ్లతో కొరికి అతికించేది. రెండు చేతులకూ గాజుల్లా టేపు చుట్టలు వేసుకునే తిరిగేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లతో "తీరిక దొరకలేదు" అని చెప్పి వేరే మాటలోకి దిగేది.

నాలుగంతస్తుల పాత భవనం పైన, డాబా మీద ఒక గది. అదే ఆమె ఇల్లు. పొడవు పదకొండు అడుగులు, వెడల్పు పది. ఆ పదకొండులోనే ఒక మూల వంట, ఇంకో మూల స్నానం. పనిలో చేరిన కొత్తలో "మూణ్ణెల్లు ఉంటాను, ఈలోగా పెద్దది చూసుకుంటాను" అని దిగింది. పందొమ్మిదేళ్లు గడిచాయి. పెద్దది దొరక్క కాదు, చూడబుద్ధి కాలేదు. పొద్దున లేస్తే ఊళ్లోవాళ్ల సామానంతా ఆమె చేతుల మీదుగానే పోయేది మరి. ఒకావిడ పన్నెండు మందికి సరిపోయే పింగాణీ సెట్టు సర్దించుకుంది. ఆరేళ్లకు అదే ఆవిడ మళ్లీ ఇల్లు మారుతుంటే టేపక్కే వెళ్లింది. అటక మీద ఆ పెట్టె, దాని మీద తను కొరికి అతికించిన టేపు, ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

"ఇది విప్పనే లేదా అమ్మా?"

"పగిలిపోతాయేమోనని భయం" అందావిడ.

ఆ రోజు ఇంటికొచ్చి టేపక్క తన గదిలో ఉన్నవన్నీ నేల మీద పరిచి చూసుకుంది. వారం రోజులుగా ముట్టని వస్తువు ఒకటే కనబడింది, గొడుగు. అది వానాకాలం కాదు కాబట్టి గొడుగును క్షమించేసింది.

గదిలో గోడకు కొక్కేలతో తగిలించిన చెక్క ఒకటి ఉండేది. దించితే బల్ల, ఎత్తితే గోడ. కూరగాయలు కడిగిన నీళ్లు పిట్టగోడ మీది కుండీలకు పోయేవి. చిరిగిన దుప్పటి కర్టెన్ అయ్యేది, కర్టెన్ చిరిగితే మసిగుడ్డ అయ్యేది, మసిగుడ్డ కూడా చిరిగాక కుండీ అడుగున మట్టి కారకుండా కూర్చునేది. ఊడ్చడానికి నాలుగు నిమిషాలు. ఆదివారం పూట కింది అంతస్తుల వాళ్లు బూజులు దులుపుకుంటూ తుమ్ముతుంటే, ఈవిడ తువ్వాలు భుజాన వేసుకుని, ఈలపాటతో మెట్లు దిగి ఈత కొలనుకు వెళ్లిపోయేది. ఈత నలభయ్యో ఏట నేర్చుకుంది. ఆడమనిషి ఈల వేయడమేమిటని రెండో అంతస్తు ముసలాయన ఒకసారి అన్నాడు. మర్నాటి నుంచి ఆయన గుమ్మం ముందు ఇంకాస్త గట్టిగా వేసేది.

ఆమెకు నలభై రెండేళ్లప్పుడు తమ్ముడూ మరదలూ ఒకే బస్సు ప్రమాదంలో పోయారు. వాళ్ల కూతురికి అప్పుడు తొమ్మిదేళ్లు. పిల్లను వాళ్ల పెద్దమ్మ తీసుకెళ్లింది. ఆవిడకు మూడంతస్తుల మేడ ఉంది, పిల్లల్లేరు, మనసూ మంచిదే. పై అంతస్తులో పిల్లకు సొంత గది ఇచ్చింది, పూల కర్టెన్లు కట్టించింది. టేపక్క ప్రతి ఆదివారం వెళ్లి మేనకోడలిని ఈతకు తీసుకెళ్లేది. నాలుగో నెలలో ఒక ఆదివారం, కొలను గట్టు పట్టుకుని కాళ్లు ఆడిస్తూ పిల్ల అంది.

"అత్తా, నేను మీ ఇంట్లో ఉంటాను."

"మా ఇల్లు చూశావుగా. చిన్నది."

"నేనూ చిన్నదాన్నే."

టేపక్క ఆ మాటకు నవ్వలేదు. ఒక మునక వేసి, అవతలి గట్టు దాకా ఈది, వెనక్కి వచ్చి "సరే" అంది.

పిల్లను పెంచుకుంటానని సంక్షేమ కార్యాలయంలో అర్జీ పెట్టిందని తెలియగానే పెద్దమ్మ నాలుగంతస్తులూ ఎక్కి, రొప్పుతూ వచ్చింది. గది మధ్యలో నిలబడి నాలుగు గోడలూ చూసింది. చూడడానికి తల తిప్పితే చాలు, అడుగు వేయనక్కర్లేదు.

"వదినా, నీ ప్రేమను కాదనను. కానీ పిల్ల ఎక్కడ పడుకుంటుంది? గోడకు తగిలిస్తావా?"

"కొక్కేలున్నాయి వదినా, చాలవా?"

"వేళాకోళం కాదు. మా ఇంట్లో రాణిలా ఉంటుంది."

"రాణులు ఎంత సంతోషంగా ఉంటారో నాకు తెలీదు. పిల్ల నన్నడిగింది, నేను సరేనన్నాను. ఇక దాని మీద నువ్వూ నేనూ పోట్లాడుకోవాల్సిందే."

పెద్దమ్మ మంచినీళ్లు తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే మెట్లు దిగింది. సగం దూరం వెళ్లి మళ్లీ పైకొచ్చి ఇచ్చి పోయింది.

అధికారి ఇల్లు చూడడానికి వస్తాడని తాఖీదు వచ్చింది. ఆ కబురు కంపెనీలో పాకింది. మేనేజరు ఆమెను పక్కకు పిలిచి తాళాల గుత్తి చేతిలో పెట్టాడు. ఒకాయనది మూడు గదుల ఫ్లాటు, సామాను దించడం అయిపోయింది, ఆయన వారం దాకా రాడు.

"మంచాలు, సోఫాలు, పిల్లల బల్ల, అన్నీ ఉన్నాయక్కా. ఆ పూటకి నీదని చెప్పు. అధికారి చూసి, టిక్కు పెట్టి పోతాడు. ఎవడికి తెలుస్తుంది?"

"పిల్లకు తెలుస్తుంది" అంది టేపక్క. తాళాలు తిరిగి అతని జేబులోనే వేసింది. "పందొమ్మిదేళ్లుగా ఎవరి ఇంట్లోంచి ఒక చెంచా కూడా తేలేదు నేను. ఇప్పుడు ఇల్లే ఎత్తుకొస్తానా?"

"పిల్లనివ్వకపోతే?"

"ఇవ్వకపోతే మళ్లీ అడుగుతాను. ఆ తర్వాత మళ్లీ అడుగుతాను. వాళ్లకే విసుగు పుట్టాలి."

మేనేజరు తల గోక్కున్నాడు. సాయంత్రం మాత్రం కంపెనీ వడ్రంగిని, వాడేసిన పెట్టెల చెక్కలను బండిలో ఆమె ఇంటికి పంపాడు. వడ్రంగి రెండు సాయంత్రాలు కూర్చుని తలుపు పైభాగాన, ఈ గోడ నుంచి ఆ గోడకు గట్టి అటక కట్టాడు. దానికి కటకటాలు, ఒక నిచ్చెన. గోడలో ఎప్పటినుంచో మూసి ఉన్న చిన్న గవాక్షం తుప్పు గీకి తెరిస్తే ఆకాశం, దూరంగా రైలు పట్టాలు కనిపించాయి. లారీ ఎక్కించే ముగ్గురు మనుషులు ఒకేసారి అటకెక్కి పడుకుని గట్టితనం చూశారు. అందులో ఒకడు నిద్రపోయాడు కూడా.

అధికారి వచ్చాడు. లావుపాటి మనిషి, మర్యాదస్తుడు. చంకలో ఫైలు, చేతిలో కొలత టేపు. ఆయన కొలుస్తుంటే రెండో కొస టేపక్కే పట్టుకుంది.

"గదులెన్ని?"

"ఒక్కటే గది అని రాయండి."

"వంటిల్లు విడిగా ఉందని రాయొచ్చు, మధ్యలో కర్టెన్ ఉంది కదా" అన్నాడు ఆయన, కాస్త సాయం చేద్దామని.

"కర్టెన్ గోడ కాదు సార్. ఒక్కటే అని రాయండి."

"పిల్ల పడుకునే చోటు?"

ఆమె పైకి చూపించింది.

"ఇది అటక కదమ్మా."

"సామాను పెడితే అటక. మనిషి పడుకుంటే మంచం. ఎక్కి చూడండి."

ఆయన వద్దన్నాడు. చొక్కా నలుగుతుందన్నాడు. ఆమె నిచ్చెన పట్టుకుని అలాగే నిలబడింది. చివరికి చెప్పులు విప్పి ఎక్కాడు. ఒక రైలు పోయింది. ఇంకోటి కూడా పోయాక దిగాడు. టీ తాగి, "బాగుందమ్మా" అన్నాడు. ఆయన పంపిన నివేదికలో మాత్రం "నివాసం సరిపోదు" అని రాసి ఉంది. నిబంధన ప్రకారం పిల్లకు వేరే గది ఉండాలట.

విచారణ రోజున పొడవాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో నెరిసిన జుట్టు ఆవిడ. ఒక పక్క టేపక్క, ఇంకో పక్క పెద్దమ్మ, మధ్యలో బెంచీ మీద పిల్ల. నెరిసిన జుట్టు ఆవిడ నివేదిక చదివి కళ్లద్దాలు తీసింది.

"మీరు ఇంకొంచెం పెద్ద ఇంటికి మారితే ఈ చిక్కే ఉండదు కదా. అదేమంత కష్టమైన పని?"

"కష్టం కాదు మేడమ్. అక్కర్లేదు. నేను రోజూ ఇళ్లు సర్దుతాను. పిల్లల గదులు ఎన్ని సర్దానో లెక్క లేదు. బొమ్మలు నిండిపోయి, పిల్లలు వంటింట్లో నా పక్కన చేరి కబుర్లు చెప్పేవాళ్లు. పెద్ద ఇంటికి మారితే ఆ ఇంటి కోసం రెండు పూటలూ పని చేయాలి. అప్పుడు ఈ పిల్ల పెద్ద ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఇప్పుడు నేను నాలుగింటికల్లా ఇంట్లో ఉంటాను. నా ఇల్లు చిన్నదే. నేను దానికి సిగ్గుపడడం లేదు, మీరూ నా తరఫున పడకండి."

బల్ల వెనక ఒకాయన దగ్గాడు. నెరిసిన జుట్టు ఆవిడ పిల్ల వైపు తిరిగింది.

"మీ పెద్దమ్మ ఇంట్లో నీకు సొంత గది ఉందిగా?"

"ఉందండి" అంది పిల్ల. "అందులో నేను తప్ప ఎవరూ ఉండరు."

పెద్దమ్మ నెమ్మదిగా లేచింది.

"మెట్ల మలుపులో పడుకునేదండి. దిండు తెచ్చుకుని. కింద మా మాటలు వినబడతాయని. నేనే ఎత్తుకెళ్లి మంచం మీద పడుకోబెట్టేదాన్ని. తెల్లారేసరికి మళ్లీ మెట్ల మీదే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఈ మాట నేను చెప్పకూడదనుకున్నాను."

టేపక్క అప్పటిదాకా గడ్డం ఎత్తే ఉంది. ఆ మాటతో ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ పోట్లాడడానికి సిద్ధమైన మనిషి మీద ఇక కోపం తెచ్చుకోవడం ఆమెకు చేతకాలేదు.

ఆరు నెలలు చూద్దామన్నారు. ప్రతి నెలా అధికారి వస్తాడు. పిల్ల రెండు సంచులతో నాలుగంతస్తులు ఎక్కింది. ఇక గదిలో అన్నీ జోడీలయ్యాయి, గొడుగు తప్ప. వానలో ఇద్దరూ ఒకే గొడుగు కింద చెరో భుజం తడుపుకుంటూ బడిదాకా నడిచేవారు. మొదటి వారం గిల్లికజ్జాలు తప్పలేదు. బల్ల దించితే పుస్తకాలు పరుచుకోవడానికి, కూరలు తరుక్కోవడానికి ఇద్దరికీ ఒకేసారి అదే కావాలి. పిల్ల అలిగి అటకెక్కి నిచ్చెన పైకి లాగేసుకుంది. అత్త కింద నుంచి, "అన్నం నువ్వే దిగొచ్చి తింటావా, బుట్టలో పైకి పంపనా?" అంది. బుట్ట కావాలని పైనుంచి జవాబొచ్చింది. బుట్టకు తాడు కట్టి పంపింది. అలక ఆ పూటే తీరినా, తాడు మాత్రం చాలా రోజులు అలాగే వేలాడింది.

మూడో నెల అధికారి వచ్చేసరికి గదిలో పిల్ల స్నేహితులు నలుగురు, కుండీల కోసం మట్టి తెచ్చిన పెద్దమ్మ, మరమ్మతుకొచ్చిన వడ్రంగి ఉన్నారు. కాలు పెట్టే చోటు లేదు. ఆయన మెట్ల మీదే కూర్చుని ఫారం నింపాడు. "ఇంట్లో చోటు" అన్న గడి దగ్గర కాసేపు ఆగాడు. లోపల్నుంచి ఎవరో ఏదో అన్నారు, అందరూ పగలబడి నవ్వారు. ఆయన ఆ గడిలో ఏం రాశాడో టేపక్క అడగలేదు. ఆరు నెలల తర్వాత పెంపకం కాగితాలు ఆమె పేరు మీద వచ్చాయి.

పిల్ల ఎనిమిదో తరగతిలో ఉండగా డాబా మీద పక్క గది ఖాళీ అయింది. మధ్య గోడ కొట్టేస్తే రెండూ కలిసిపోతాయని, ముందు మీకే ఇస్తానని ఇంటాయన వచ్చి అడిగాడు. టేపక్కకు ఆ మాట వినగానే వద్దనాలనిపించింది. కానీ పిల్ల ఎదుగుతోంది, అటక మీద కూర్చుంటే తల పైకప్పుకు తగులుతోంది. కాదనే హక్కు తన ఒక్కదానిది కాదనుకుంది.

"నువ్వే చెప్పు" అంది. "నీకు కావాలంటే తీసుకుందాం. మొహమాటపడకు."

పిల్ల వెళ్లి ఆ ఖాళీ గది చూసొచ్చింది. మధ్యలో నిలబడి గట్టిగా ఈల వేసి, అది గోడలకు తగిలి తిరిగి రావడం విన్నది. వెనక్కి వచ్చి బల్ల దించి, పుస్తకం తెరిచింది.

"నాకు పనిలేదనుకున్నావా అత్తా, ఇంకో గది ఊడ్చడానికి? అటక ఒక జానెడు కిందికి దింపిస్తే చాలు."

మర్నాడు వడ్రంగి వచ్చి అటకను ఒక జానెడు కిందికి దించాడు. అప్పటినుంచి తలుపు దగ్గర వంగి లోపలికి రావాల్సి వచ్చింది. వచ్చినవాళ్లందరూ, ఇంటాయనతో సహా, వంగే వచ్చారు.