అటక మీది ఎండ

ధబ్. వెంటనే చర్రుమని చీలిన చప్పుడు. మళ్ళీ ధబ్.

అల్లవరం చివర, రొయ్యల చెరువుల వైపు వెళ్ళే సందులోకి అడుగు పెట్టకముందే ఆ చప్పుడు ఎదురొస్తుంది. ఎవరో ఎవరివో పక్కటెముకలు విరుస్తున్నట్టుంటుంది. మలుపు తిరిగితే, నేలలో పాతిన గునపం మొన మీద కొబ్బరికాయని గుచ్చి, నడుము తిప్పి, ఒక్క విసురుతో పీచు డొక్క చీల్చేస్తున్న ఆడమనిషి కనిపిస్తుంది. పేరు సూర్యావతి. ముప్పై నాలుగేళ్ళు. పైవరసలో ఒక పన్ను సగమే ఉంది.

ఒలుపు మగవాళ్ళ పని. ఆ గునపం ఆమె భర్త కామరాజుది. అది ఈమె చేతికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఇంటి కప్పు సంగతి చెప్పాలి.

ఆ ఇంటికి ఒకప్పుడు తాటాకు కప్పు. దాని కింద చెక్కల అటక, అటక నిండా డొక్కతోనే పేర్చిన కాయలు. పది నెలలు నీడలో నిద్రపోయాక లోపలి నీళ్ళు ఇగిరిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా దొర్లుతుంది. అదే కురిడీ. ఊపితే గుండె కదిలినట్టు గలగలమంటుంది.

రెండేళ్ళ క్రితం నవంబరులో కామరాజు తాటాకు పీకించి ఇనుప రేకులు వేయించాడు. రేకుల వేడికి ఆరు నెలల్లోనే కురిడీ అయిపోతుందని అతని లెక్క. ఊళ్ళో ఎవరికీ తట్టని తెలివి తనకి తట్టిందని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

వేసవి వచ్చింది. ఎండ రేకుల మీద పడి మోదేది. ఆ వేడి కాయల సందుల్లోంచి కారి కింద గదిలో పడేది. నాలుగేళ్ళ కూతురు కావ్య చల్లదనం కోసం గోడకి చెంప ఆనించేది. గోడా కాలేది. మే నెలలో ఒక మధ్యాహ్నం పిల్ల ఒళ్ళు కాలిపోయి, కొయ్యలా బిగుసుకుపోయింది. కళ్ళు తెల్లగా తేలిపోయాయి. అమలాపురం డాక్టరు మందు రాసి, “ముందు పిల్లని ఆ కొలిమిలోంచి తియ్యండమ్మా. మళ్ళీ ఇలా వస్తే నేను చెప్పలేను” అన్నాడు.

రేకుల పని చేసే సన్నీ వచ్చి చూశాడు. రేకుల కింద వెండిరంగు ఫోము షీటు బిగిస్తే వేడి అక్కడే ఆగిపోతుందన్నాడు. ఇరవై ఎనిమిది వేలు. కాయలన్నీ దింపితే గాని బిగించడం కుదరదు.

“ఏవండీ, కాయలు దింపించేద్దారండి. ఉన్నవి ఉన్నట్టు అమ్మేద్దారి.”

“ఇంకో నెల్లో కురిడీ అయిపోతాయి. ఇప్పుడమ్మితే సగం రేటు. మతుండే మాటాడుతున్నావా?”

“పిల్లండి...”

“నీ కూతురికి ఊటీ కట్టించమంటావేటి? మేం పెరగలేదా ఈ కొంపలో?”

“మీరు తాటాకు కింద పెరిగేరు.”

ఆ మాటకి చెయ్యి లేచింది. సూర్యావతి గడప మీద పడింది. సగం పన్ను నాలుక మీద గులకరాయిలా తగిలింది. ఉమ్మేసింది. పక్కింటి ప్రశాంతి పరుగున వచ్చి పిల్లని ఎత్తుకుపోయింది. అప్పుడు సూర్యావతి నిచ్చెనెక్కింది. ఎక్కి, నిచ్చెనని పైకి లాగేసుకుంది.

అటక మీద ఊపిరాడలేదు. రేకు వీపుకి తగిలి చర్మం చురుక్కుమంది. మొదటి కాయ కుండల మీద పడింది. రెండోది అద్దం మీద. తర్వాత లెక్క లేదు. ఆకాశానికి పగ పుట్టి వడగళ్ళు కురిసినట్టు కాయలు కురిశాయి. గచ్చు పగిలింది. టీవీ పగిలింది.

“దిగవే! చంపేస్తాను, దిగు!”

“మీరే ఎక్కండి. పిల్ల ఎలా ఉడికిందో తెలుస్తాది.”

కామరాజు కత్తి పట్టుకుని స్టూలెక్కి, దూలం పట్టుకున్నాడు. అతని ముఖం అటక అంచుకి పైకొచ్చింది. ఆమె అతని తలకి కాయ గురిపెట్టింది. చివరి క్షణంలో చెయ్యి పక్కకి తిరిగింది. కాయ కుడి భుజం మీద దిగింది. ఎముక చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

ఆసుపత్రిలో కామరాజు, “జారిపడ్డానండి” అన్నాడు. సూర్యావతి పక్కనే నిలబడి, “ఆయ్” అని తలూపింది.

మర్నాడు కొబ్బరి వ్యాపారి బాబూరావు వచ్చి కాయలు ఒలిచి చూపించమన్నాడు. ఒలిచే మనిషి మంచంలో ఉన్నాడు. ఆమె గునపం దగ్గర నిలబడింది. అరచేతులు చీరుకుపోయాయి. పది కాయలు కొడితే ఆరింటిలో కొబ్బరి నెర్రెలిచ్చి, పచ్చబడి, కుళ్ళు కంపు కొట్టింది.

“కురిడీకి నీడ కావాలమ్మా. మీ ఆయన కాయల్ని ఉడకేసేడు” అన్నాడు బాబూరావు.

మిగిలిన మంచి కాయలూ, చెవి దిద్దులూ కలిపి అమ్మితే షీటు వచ్చింది.

ఇప్పుడు అదే గదిలో మిట్టమధ్యాహ్నం కావ్య నోరు తెరుచుకుని నిద్రపోతుంది. జ్వరం వచ్చినా మళ్ళీ ఒళ్ళు బిగియలేదు. అటక మీద కొత్తగా పేర్చిన కాయలు పది నెలలు తీసుకుని, సరిగ్గా గలగలమన్నాయి. కామరాజు కుడి చెయ్యి భుజం దాటి లేవదు. అన్నం ఎడమ చేత్తో తింటాడు. పైన ఎలుక కదిలినా ఉలిక్కిపడి గోడవారకి జరుగుతాడు.

తన రేకులకీ వేయించుకుందామని, షీటుకి మొత్తం ఎంతయిందో అడగడానికి వెళ్ళిన మనిషి వైపు సూర్యావతి తలెత్తకుండానే ఇంకో కాయ గుచ్చింది.

“షీటుకైతే ఇరవై ఎనిమిదండి. మిగతాది ఆయన్నడగండి. లోపలే ఉన్నారు, చల్లగా పడుకుని.”